తలుపు తీసే మనిషి

పాత తువ్వాలొకటి మోకాళ్ళ కింద వేసుకుని, ఇంకో పాత తువ్వాలుతో భోజనాల బల్ల వెనక మూల తుడుస్తున్నాను. ఇంట్లో ఇంత చోటుండగా మా కుక్క ఆ మూలే ఎంచుకుంది. మూల దొరికింది గానీ మూలకారణం దొరకడం లేదు. దానిది లఘుశంక. నాది అంత లఘువు కాదు. నా శంక ఏమిటంటే, ఇది కుక్క ఒక్కదాని పని కాదు. పోసింది కుక్కే, సందేహం లేదు, ఆ పరిమాణం మా ఇంట్లో ఇంకెవరి వల్లా కాదు. కానీ పోయించిన వాళ్ళు వేరే ఉన్నారు.

"మళ్ళీనా?" అన్నాడు మా ఆయన, బల్ల మీది లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా. తల ఎత్తలేదు గానీ కాళ్ళు రెండూ ఎత్తాడు, నేను తుడుచుకోవడానికి వీలుగా. ఆయన చేసే సాయం ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది.

"మళ్ళీనే," అన్నాను.

"నువ్వున్నప్పుడు ఎంత బుద్ధిగా ఉంటుందో! నువ్విలా గుమ్మం దాటావో లేదో, అయిపోయింది. ఇలా అయితే ఫుల్‌టైం ఎట్లా వెళ్తావు, చెప్పు?"

చెప్పు. ఆ మాట మా ఇంట్లో ఇప్పుడు అనకూడదు. మొన్న కుక్కను ఎదురుగా నిలబెట్టి, "ఎవరు చేశారిది? చెప్పు!" అని గద్దించాను. బుద్ధిగా లోపలికి పోయి నా చెప్పు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. సగం చెప్పు. మిగతా సగం సోఫా కింద దొరికింది.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను పళ్ళు చేస్తాను. తినే పళ్ళు కావు, తినడానికి పెట్టుకునే పళ్ళు. పళ్ళ డాక్టరమ్మ ఆస్పత్రి వెనక గదిలో కూర్చుని, బోసి నోళ్ళకు అచ్చులు పోసి, మైనంలో పళ్ళు వరసగా గుచ్చి, అరగదీసి, మెరుగుపెట్టి సెట్లు తయారుచేస్తాను. ఊళ్ళో పెద్దవాళ్ళలో సగం మంది నవ్వేది నా నవ్వే. థాంక్స్ మాత్రం డాక్టరమ్మకు చెప్పి వెళ్ళిపోతారు. నాకు వాళ్ళ మొహాలు తెలియవు, దవడలు తెలుసు. ఇంట్లో ఈ పనిని ఇంకా ఉద్యోగం అనలేదు. "పళ్ళ దగ్గరికి వెళ్ళింది" అంటారు, ఏదో సంతకు పోయినట్టు. ఒకసారి మా ఆయన స్నేహితులొస్తే, "మా ఆవిడ హాబీగా పళ్ళు చేస్తుంది" అని పరిచయం చేశాడు. పొద్దున పూట మాత్రమే వెళ్ళే పని కాబట్టి హాబీ. వేలు కోసుకున్నా, పొడి పీల్చి దగ్గినా, అదంతా సరదా కిందే లెక్క. ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు, ఇంట్లో కట్టుకున్నవాడు. కొలత కుదరకపోతే రెండూ రోజూ ఒకే చోట ఒరుసుకుంటాయి. ల్యాబ్‌లో అయితే అరగదీయడానికి మిషనుంది.

ఈ కుక్క మా ఇంటికి ఎలా వచ్చిందో చెబితే నా అనుమానం మీకూ అంటుకుంటుంది. డాక్టరమ్మ ఊరికి ఆ చివర ఇంకా పెద్ద ల్యాబ్ తెరుస్తోంది. నన్ను పిలిచి, "అక్కా, దానికి నువ్వే ఇన్‌చార్జివి. రోజంతా ఉండాలి. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు వస్తారు, వాళ్ళకు నువ్వే చెప్పాలి. బోర్డు మీద నీ పేరు రాయిస్తాను," అంది. నేను పోసిన అచ్చుల మీదే ఎప్పుడూ నా పేరు లేదు, బోర్డు మీదనేసరికి డాక్టరమ్మ చేత ఆ మాట ఇంకోసారి అనిపించుకున్నాను. ఆ రోజు భోజనాల దగ్గర చెప్పాను. అత్తగారు ముద్ద నములుతూ నన్నే చూసింది. నేను చేసిపెట్టిన పళ్ళతోనే నమిలింది. మా ఆయన, "మంచిదేగా! చూద్దాం," అన్నాడు.

ఆయన 'చూద్దాం' నాకు బాగా పాత చుట్టం. అమ్మాయి పుట్టినప్పుడు "దాన్ని బడిలో వేశాక చూద్దాం". బడిలో వేశాక "ఆ పదో తరగతి గట్టెక్కనీ, చూద్దాం". అత్తగారి మోకాళ్ళకు ఆపరేషనైతే "అమ్మ లేచి నడిచాక చూద్దాం". చూసి చూసి నా కళ్ళకు అద్దాలొచ్చాయి. ఇప్పుడు అమ్మాయి వేరే ఊళ్ళో హాస్టల్లో ఉంది. అత్తగారు లేచి నడుస్తోంది. ఇక ఇంట్లో చూడ్డానికి ఏమీ మిగల్లేదనుకున్నాను. ఆ వారాంతానికి ఆయన కుక్కను తెచ్చాడు.

"ఆఫీసులో ఒకాయనకు బదిలీ అయింది, ఇచ్చేస్తానన్నాడు. నీకు తోడుగా ఉంటుందని," అన్నాడు.

పాలకు తోడు వేస్తే పెరుగవుతుంది. నాకు తోడు తెస్తే పని పెరుగుతుంది.

"ఇంకా పిల్లేలే, ఏడాదైనా నిండలేదు," అని కూడా అన్నాడు. ఆ పిల్ల నా నడుము దాకా ఉంది. వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళు నా భుజాల మీద వేసి, నా మొహమంతా నాకి, ఆ సంతోషంలోనే నా పాదాల మీద పోసేసింది. సెలవులకు వచ్చిన అమ్మాయి దానికి 'చీమ' అని పేరు పెట్టి, ఆ పుణ్యం కట్టుకుని హాస్టలుకు వెళ్ళిపోయింది. అప్పటి నుంచి, "నేనెంత చాకిరీ చేసినా మా ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండదు" అని ఎవరితోనైనా అంటే, "అయ్యో, మీ కుక్క కరుస్తుందా?" అని అడుగుతున్నారు.

మా ఆయన ఇన్సూరెన్స్ సర్వేయరు. గుద్దుకున్న కార్లూ కాలిపోయిన గోడౌన్లూ చూసి నష్టం అంచనా కడతాడు. పొద్దున పూట ఇంట్లో ఈ బల్ల దగ్గర కూర్చుని రిపోర్టులు రాసి, మధ్యాహ్నం నేను ల్యాబ్ నుంచి వచ్చాక బయటి పనులకు వెళ్తాడు. ఎక్కడ ఏ నష్టం ఎవరి అజాగ్రత్త వల్ల జరిగిందో ఫొటో చూసి చెప్పేస్తాడని ఆయనకు పేరు. ఇంట్లో నష్టానికైతే ఫొటో కూడా అక్కర్లేదు.

కుక్క నేర్చుకోదేమోనన్న అనుమానం నాకు మొదట్లోనే తీరిపోయింది. కుక్కల డాక్టరు చెప్పినవన్నీ చేశాను. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకెళ్ళమన్నాడు. ఎప్పుడూ ఒకే తలుపులోంచి, ఒకే చెట్టు దగ్గరికి. అక్కడ పని కాగానే, ఆ క్షణంలోనే, లోకంలో ఇంకెవరూ చెయ్యలేని ఘనకార్యం చేసినట్టు మెచ్చుకోమన్నాడు. లోపల చేస్తే అరవొద్దు, కొట్టొద్దు, మూతి పట్టుకుని రుద్దొద్దు. వాసన మిగిలిన చోటికే మళ్ళీ వస్తుంది కాబట్టి వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడవమన్నాడు. నమలడం దాని తప్పు కాదు, వయసు వేడి, దవడకు పని కావాలి. అందుకని నమలొద్దనకుండా నమిలేది మార్చమన్నాడు. చెప్పు పట్టుకుంటే లాక్కోకుండా రబ్బరు బొమ్మ ఇచ్చి మార్పిడి చేసుకోమన్నాడు. "పాత చెప్పు నమలొచ్చు, కొత్తది నమలకూడదు అంటే దానికెలా తెలుస్తుందండీ? చెప్పు చెప్పే కదా," అన్నాడు. ఆ డాక్టరు నాకు నచ్చాడు.

ఆ మెచ్చుకోవడం ఒక్కటే కొంచెం కష్టమైంది. నేను చూసి నేర్చుకోవడానికి మా ఇంట్లో నమూనా లేదు. పొద్దున్నే చెట్టు కింద నిలబడి, "అబ్బబ్బ! ఎంత బాగా పోశావురా నాన్నా! బంగారు కొండా!" అని నేను అరుస్తుంటే పక్కింటి కిటికీలో ఒక మొహం బయటికొచ్చి లోపలికి పోయేది. అంట్లు తోమి, వంట చేసి, అత్తగారికి మందులిచ్చి, ల్యాబ్‌కు పోయొచ్చి, మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడే మనిషిని ఎవరూ బంగారు కొండా అన్నది లేదు. వీడేమో కాలెత్తితే చాలు. మా ఇంట్లో ఆ మగ లక్షణం కొత్తది కాదు లెండి. ఏమైనా, చీమ తొందరగా నేర్చుకుంది. అవసరమైతే పెరటి తలుపు దగ్గరికి పోయి, గడియకు ముక్కు ఆనించి, గొంతులోంచి "ఉఫ్" అంటుంది. ఒకే ఒక్క ఉఫ్. తలుపు తీస్తే మెట్లు దిగి చెట్టు దగ్గరికి పోతుంది. పాఠం పూర్తి.

మరి నేను ల్యాబ్‌లో ఉన్న పూటే ఎందుకు మర్చిపోతోంది? ఒక పూట మరుపు, ఒక పూట జ్ఞాపకం, ఇదేం రోగం?

ఇంకో అనుమానం నమిలినవాటి మీద. ఇంట్లో ముగ్గురి వస్తువులున్నాయి, పోయేవి నావే. నా చెప్పులు, నా ఏప్రన్, నా కళ్ళద్దాల పెట్టె. ఆయన బూట్లు గుమ్మంలోనే నోళ్ళు తెరుచుకుని పడి ఉంటాయి, వాటి జోలికి పోదు. నా చెప్పులేమో అల్మారాలో, తలుపు వేసి ఉంటాయి. అల్మారా తలుపు తీసి, నా జత ఎంచుకుని, మళ్ళీ తలుపు మూసి వెళ్ళే కుక్క నిజంగా ఉంటే దాన్నే ల్యాబ్ ఇన్‌చార్జిగా పెట్టుకోమంటాను. పంటి గాట్లు చదవడం నా వృత్తి. ఆ సగం చెప్పు పట్టుకుని కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. గాట్లు చీమవే. కానీ దేన్నయినా లాగి ఈడ్చుకొచ్చేటప్పుడు పడే ముందుపళ్ళ గీత ఒక్కటీ లేదు. అన్నీ పక్క దవడవి, పడుకుని తీరిగ్గా నమిలినవి. దీన్ని అది దొంగిలించలేదు. ఎవరో చేతికిచ్చారు.

ఎవరో అంటే మా ఇంట్లో ఎంతమంది ఉన్నారు? ఆయన పొద్దున కూర్చుంటే లేచేది భోజనానికే. మిగిలింది అత్తగారు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ, "మా ఇంటి ఆడవాళ్ళు ఊళ్ళోవాళ్ళ నోళ్ళల్లో చేతులు పెట్టరమ్మా," అంది. నేను నోట్లో పెట్టను అత్తయ్యా, అచ్చులో పెడతాను అన్నాను. "అచ్చులో అయితేనేం, హల్లులో అయితేనేం?" అంది. ఆ జవాబుకు నాకు ఆవిడ మీద కోపం, ప్రేమ ఒకేసారి పుట్టి, ఇప్పటికీ విడివడకుండా ఉన్నాయి. ఇప్పుడు ఆ ముడి లాగి చూస్తే కోపం కొసే చేతికొచ్చింది. నేను బయల్దేరేటప్పుడు ఆవిడ కిటికీ దగ్గరే ఎందుకు నిలబడుతోంది? నేను వీధి మలుపు తిరిగానో లేదో చూసుకోవడానికేనా? "సాయంత్రం దాకా ఉంటావా కొత్త దాంట్లో?" అని రెండుసార్లు ఎందుకు అడిగింది? నాకు తెలియకుండానే ఆవిడ ప్లేటులో కూర తగ్గించి వడ్డించడం మొదలుపెట్టాను. ఆవిడ మారు అడక్కుండా తినేసి లేచింది. అదీ అనుమానంగానే ఉంది.

ఒకరోజు సగం దారి పోయాక కళ్ళద్దాలు మర్చిపోయానని గుర్తొచ్చి, పెరటి వైపు నుంచి వెనక్కి వచ్చాను. అత్తగారి గది కిటికీలోంచి చూద్దును కదా, ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్ళో చీమ తల. ఆవిడ చేతిలో నా ఏప్రన్. దాన్ని కుక్క మూతి కింద సర్దుతూ, "ఇదిగో మీ అమ్మ. ఇక్కడే ఉంది. ఏడవకు, పడుకో," అంటోంది.

"అత్తయ్యా!" అన్నాను.

"అమ్మో! గుండాగిపోయిందే! కిటికీలోంచి పిలవడమేమిటి, దొంగలా?"

"దొంగని నేనా? నా చెప్పులు అల్మారాలోంచి తీసి దీనికిస్తోంది మీరేనా?"

"ఏం చెయ్యమంటావు మరి? నువ్వు వెళ్ళగానే తలుపు దగ్గర నిలబడి ఒకటే ఏడుపు. నీ వాసన తగిలితే ఊరుకుంటోంది. ఏప్రన్‌కి కాసేపు పడుకుంటుంది, చెప్పులకైతే హాయిగా నిద్రపోతుంది."

"నా చెప్పుల వాసనకు నిద్రపోతుందా, మూర్ఛపోతుందా?"

ఆవిడ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. నా పళ్ళే కాబట్టి నాకు గర్వంగానే ఉంది. తగ్గించిన కూర గుర్తొచ్చి ఆ గర్వం కిందికి దిగింది. కానీ ఆవిడ అన్న మాటల్లో ఒకటి నా చెవిలోనే ఇరుక్కుపోయింది.

"తలుపు దగ్గర నిలబడుతుందా?"

"నిలబడుతుంది. గడియ నాకుతుంది, ఉఫ్ మంటుంది. నేను తలుపు తీసినా ఆ మెట్లు దిగి దీని వెనక పరిగెత్తగలనా? ఒక్క లాగు లాగిందంటే నా కొత్త మోకాళ్ళు రెండూ దాని వెంట పోతాయి, నేను ఇక్కడ మిగులుతాను."

"మరి మీ అబ్బాయి?"

ఆవిడ ఏప్రన్ అంచు సర్దింది. సర్దిన అంచే మళ్ళీ సర్దింది.

"వాడికి పనుంటుంది కదే," అంది, నా వైపు కాక కుక్క వైపు చూస్తూ.

ఆ మధ్యాహ్నం ఆయన్నే అడిగాను. "నేను లేనప్పుడు చీమ తలుపు దగ్గరికి వచ్చి అడుగుతోందట కదా?"

"ఎవరన్నారు? అమ్మా? అమ్మకు ఏది కల్లో, ఏది నిజమో తెలియదు. అదసలు ఆ ఛాయలకే రాదోయ్. నీ ట్రైనింగ్ నీ ఎదురుగానే పనిచేస్తోంది. తప్పు నీది కాదనుకో, కుక్కంటే అంతే, ఇంట్లో ఒకళ్ళు అంటిపెట్టుకుని ఉండాలి. పోనీ మీ డాక్టరమ్మతో చెప్పరాదూ? దీనికి పూర్తిగా అలవాటయ్యాక వస్తానని. ఆవిడకు నీలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది, ఆగుతుందిలే."

డాక్టరమ్మ ఆగేలా లేదు. "అక్కా, ఈ వారంలో చెప్పెయ్. నువ్వు కాదంటే మన ల్యాబ్ కుర్రాణ్ణే పెట్టాలి," అంది. అతను నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పటికీ కోరపళ్ళు వంకరగా గుచ్చుతాడు. అతనికి ఇంట్లో కుక్క ఉందో లేదో డాక్టరమ్మ అడగలేదు, ఎవరూ అడగరు కూడా.

కాబట్టి నా ముందున్న ప్రశ్న ఒక్కటే. చీమ అడుగుతోందా, లేదా? అడక్కపోతే నా పాఠమే తప్పు, నేను ఇంట్లో కూర్చుని మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. ఇన్‌చార్జి ఉద్యోగం ఆ వంకర కోరపళ్ళకు పోతుంది. అడుగుతుంటే మాత్రం పాఠం సరిగ్గానే ఉంది. అత్తగారి మాట ఒకటి, ఆయన మాట ఒకటి. కుక్కను సాక్ష్యం అడిగితే అది చెప్పు తెస్తుంది.

ల్యాబ్‌లో అచ్చులు పోసే పొడి ఉంటుంది, పసుపుపచ్చగా, పిండి కన్నా మెత్తగా. కొంచెం పొట్లం కట్టి ఇంటికి తెచ్చాను. మర్నాడు వెళ్ళేముందు టీ వడకట్టే జల్లెడలో వేసి పెరటి తలుపు ముందు నేల మీద పల్చగా రాల్చాను. ముదురు రంగు గచ్చు మీద ఆ పసుపు తెలుస్తూనే ఉంది. ఎవరైనా గమనిస్తారేమో అన్న భయం మాత్రం కలగలేదు. మా ఇంట్లో నేల వైపు చూసేది నేనొక్కదాన్నే.

ల్యాబ్‌లో ఆ పూటంతా ఎవరి దవడో నా చేతిలో ఉంది, ఎవరిదో నాకు గుర్తులేదు. మైనంలో పన్ను గుచ్చుతున్నాను, మనసులో నేల చూస్తున్నాను. పొడి మీద ఏమీ ఉండకపోతే? ఆయన చెప్పిందే నిజమైతే? ఒక్క క్షణం అలా అయితేనే బావుండుననిపించింది. కుక్క తప్పయితే నేను సర్దుకోగలను. నాకు అలవాటే.

ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా పెరటి తలుపు దగ్గరికి పోయాను. చీమ అడుగులు, నాలుగేసి వేళ్ళతో, తలుపు దాకా వచ్చాయి. గడియ కింద చాలాసేపు తొక్కిసలాడాయి. వెనక్కి పోయాయి. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ పోయాయి. మళ్ళీ వచ్చాయి. నేల మీద ఆ కుక్క ఎంత బతిమాలిందో అంతా ఉంది. వాటి పక్కనే మనిషి అడుగులు. ఎడమ మడమ అరిగిన చెప్పులు. అవి కూడా తలుపు దాకా వచ్చాయి. వేళ్ళు తలుపు వైపు పెట్టి నిలబడ్డాయి. అక్కడి నుంచి గడియకు చెయ్యి చాచక్కర్లేదు, ఎత్తితే చాలు. ఆ తరువాత ఆ అడుగులు వెనక్కి తిరిగి, వాటి వెంట కుక్క అడుగులు ఈడ్చుకుంటూ, బల్ల వైపు వెళ్ళిపోయాయి. బల్ల వెనక మూల తడిగా ఉంది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

ఆయన వచ్చి చూశాడు. వృత్తి కదా, అర్థం కావడానికి క్షణం పట్టలేదు. కాలు ఎత్తి చెప్పు అడుగు చూసుకున్నాడు. పసుపు.

"ఏమిటిది? ఇంట్లో నా మీద నిఘానా?"

"మీ మీద కాదండీ, గచ్చు మీద. మీరే వచ్చి దాని మీద నిలబడ్డారు."

"సరే, వచ్చింది. వస్తుంది. అయితే ఏమిటిప్పుడు?"

"రాదన్నారుగా?"

ఆయన నవ్వాడు. తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చుని, సాటి ఉద్యోగికి కిటుకు చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "చూడు, అది తెలివైన కుక్క. ఒక్కసారి నేను తలుపు తీశాననుకో, నేనూ తియ్యగలనని దానికి తెలిసిపోతుంది. ఇక రోజూ నా ప్రాణం తీస్తుంది. అందుకే, వచ్చినప్పుడల్లా 'అమ్మ వస్తుంది, ఆగు' అని చెప్పి వెనక్కి తెచ్చేస్తా. నువ్వుండగా నాకెందుకు అలవాటు చెయ్యడం?"

కోపం లేదు, తప్పు చేసినట్టు లేదు. ఎండలో గొడుగు వేసుకున్నానన్నంత మామూలుగా చెప్పాడు. ఇన్నాళ్ళూ నేను కుట్ర కోసం వెతికాను. కుట్ర అయితే ఎదురు తిరిగి దెబ్బలాడొచ్చు. ఇది కుట్ర కాదు, చెయ్యి ఎత్తకపోవడం. ఆయనకు ఇస్త్రీ రాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చేసి నా జాకెట్టు కాల్చాడు, "నాకు రాదని చెప్పానా?" అన్నాడు, ఆ ముచ్చట నేనే నలుగురికీ చెప్పి నవ్వించాను. ఆయనకు స్టవ్ వెలిగించడం రాదు. వాళ్ళమ్మ మందుల్లో ఏది పొద్దుటిదో, ఏది రాత్రిదో తెలియదు. అమ్మాయికి జడ వెయ్యడం రాదు. చిన్నప్పుడు అది దువ్వెన పట్టుకుని ముందు ఆయన దగ్గరికే వెళ్ళేది. ఆయన దాన్ని ముద్దు పెట్టుకుని, "అమ్మ వస్తుంది, ఆగు" అనేవాడు. కొన్నాళ్ళకు అది నేరుగా నా దగ్గరికే రావడం మొదలుపెట్టింది. "నాన్నకు రాదులే అమ్మా," అనేది, పెద్ద ఆరిందాలా. అంటే అదీ తలుపు దాకా వచ్చి, అడిగి, తిరిగి వెళ్ళి, అడగడం మానేసిందన్నమాట. ఇంకొన్నాళ్ళకు చీమా మానేస్తుంది. అప్పుడు దాన్ని బుద్ధి రాని కుక్క అంటారు. నేను ఎప్పుడు మానేశాను? ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా ఆ రోజు దొరకలేదు.

"మీ మామగారు నాకు ఆవును తెచ్చారు," అన్న మాట వినబడింది.

అత్తగారు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఏమిటత్తయ్యా?"

"వీడింకా పుట్టలేదు. నాకు టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. వెళ్తానన్నాను. 'వెళ్దువుగానిలే, చూద్దాం' అన్నారు. ఆ వారమే ఆవును తోలుకొచ్చి వాకిట్లో కట్టేశారు. చూడి ఆవు."

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు మా ఆయన.

"నీకు చెప్పడం లేదురా."

"మరి మీరేం చేశారత్తయ్యా?"

ఆవిడ కాసేపు నేల మీది పసుపు వైపు, ఆ అడుగుల వైపు చూసింది. ఆ ఇంట్లో నేల వైపు చూసే మనిషి ఇంకొకరున్నారని నాకప్పుడు తెలిసింది.

"ఏం చేస్తాను? పాలు పితికాను," అంది. "వీడు ఆ పాలు తాగే పెరిగాడు."

ఆయన లాప్‌టాప్ మూశాడు, మళ్ళీ తెరిచాడు. అత్తగారు గుమ్మం వదల్లేదు. నేను బ్యాగు భుజం మీంచి దించి, పెరటి తలుపు పక్క గోడకున్న చిన్న అరుగు మీద కూర్చుని, ఫోను తీసి డాక్టరమ్మ నంబరు నొక్కాను.

"చెప్పక్కా!"

"సోమవారం నుంచి వస్తాను. రోజంతా."

"హమ్మయ్య! నువ్వు కాదంటావేమోనని ఎంత భయపడ్డానో. మరి కుక్క సంగతేం చేశావు? ఎవరు చూసుకుంటారు?"

బల్ల కింద పడుకున్న చీమ లేచింది. ఒళ్ళు విరుచుకుంది. ఆ పసుపు మీదే నడుచుకుంటూ తలుపు దాకా వెళ్ళి, గడియకు ముక్కు ఆనించి, "ఉఫ్" అంది. నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. అరచేతులు వాటి మీద వేసి నొక్కి పట్టుకున్నాను. ఇంత బలం కావాలని నాకు తెలియదు.

"అక్కా? ఉన్నావా?"

"ఉన్నాను. కుక్క బాగానే నేర్చుకుంది. అడుగుతోంది," అన్నాను.

చీమ నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకుని ఫోనులో కొత్త ల్యాబ్‌లో బల్లలు ఎంత ఎత్తుండాలో చెప్పడం మొదలుపెట్టాను. అత్తగారు కదల్లేదు. రెండో "ఉఫ్" వినబడింది, మొదటిదాని కన్నా కొంచెం పెద్దగా. చాలాసేపు ఇంకే చప్పుడూ లేదు. ఆ తరువాత బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది.